తువ్వాలు కింద వార్తలు

తొంభైల్లో పుంగనూరులోకి నా అనుమతి లేకుండా ఒక్క వార్త కూడా అడుగుపెట్టేది కాదు. ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయినా, మదనపల్లె మండీలో టమోటా ధర పడిపోయినా ముందు నా చెవిలో పడాలి, ఆ తర్వాతే ఊరికి తెలియాలి. సరే, అంత లేదు. ఊళ్లో అప్పటికి ఇంకా మూడు నాలుగు ఎస్టీడీ బూత్‌లు ఉండేవి, పోలీసు స్టేషను ఉండేది, ఇంటింటికీ రేడియో ఉండేది. కానీ బస్సులు మలుపు తిరిగే చోట, మదనపల్లె నుంచి వచ్చే మొదటి బస్సు పేపర్ల కట్ట విసిరే చోట ఉన్న బూత్ మాత్రం నాది. అందులో అబద్ధం లేదు. మిగతావి చదివేటప్పుడు నేను చెప్పిందాన్ని సగానికి కోసుకోండి. నా స్నేహితులు అదే పని చేసేవాళ్లు, నేనేమీ బాధపడలేదు. ఒక్క చోట మాత్రం కోయవద్దని అడుగుతాను. ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం నా పాత స్నేహితుడు నాగరాజప్ప కూతురు. పోయిన నెల మదనపల్లె నుంచి ఫోన్ చేసింది. "మామా, నాయనకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసకబారింది. ఆపరేషన్ చేయించుకోమంటే మొండికేసినాడు. తప్పకుండా సూపు వస్తాదని నేను చెప్తి, మా ఆయన చెప్పె, అమ్మ చెప్పె. ఎవురి మాటా నమ్మడు. నువ్వొచ్చి చెప్తే వింటాడు" అంది. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది. జిల్లాలో నాగరాజప్ప ఎవరి మాటైనా నమ్మవచ్చు గాని, నా మాట నమ్మిన రోజు లేదు. "డాక్టరు ఏమన్నాడమ్మా, అసలు సంగతి చెప్పు" అని అడిగాను. గొంతు తగ్గించింది. "వస్తాదో రాదో చెప్పలేమన్నాడు మామా. చేయించకపోతే మాత్రం ఉన్నది కూడా పోతాదన్నాడు. వస్తాదో రాదో అన్న మాట నాయనకు చెప్పద్దు" అంది. సరేనని ఒప్పుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే, ఆలోచన ముందుకు పోకుండా వెనక్కి, ఆ బూత్ దగ్గరికే పోయింది.

ఆ రోజుల్లో నాకు ముప్పై దాటి కొంతకాలమైంది. అంతకు ముందు ఆ గది మా నాన్న చిల్లర కొట్టు. సగభాగంలో నేను అద్దాల గది కట్టించి ఫోను పెట్టాను. మిగతా సగంలో ఆయన బెల్లం దిమ్మెలు, చింతపండు బుట్టలు, బీడీ కట్టలు అట్లాగే ఉన్నాయి. అందుకని మా ఫోను రిసీవరుకు ఎప్పుడూ చింతపండు వాసన ఉండేది. దూరాన ఉన్న కొడుకుతో మాట్లాడి కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చిన ముసలమ్మలు కూడా ముక్కు ఎగబీల్చి, "కొత్త చింతపండా అప్పా, ఎంత" అని అడిగేవాళ్లు. మా ఆవిడ తెల్లవారేసరికి కొట్టు ముందు నీళ్లు చల్లి ముగ్గు పెట్టి, లోపల దేవుడి పటాలకు వెలిగించిన ఊదుబత్తిని ఫోను చుట్టూ కూడా ఒకసారి తిప్పేది. శుక్రవారం దానికి కుంకుమ బొట్టు. మా నాన్న మాత్రం ఆ యంత్రాన్ని ముట్టుకునేవాడు కాదు. అది మోగితే తలుపు తట్టిన అపరిచితుణ్ని చూసినట్టు దానివైపు చూసి, నన్ను పిలిచేవాడు.

మా నాన్నకు ఒక నియమం ఉండేది. బోణీ కాకముందు కొట్లో చావు వార్త చదవకూడదు. పేపరు విప్పవచ్చు, సినిమా పేజీ చూడవచ్చు, పార్టీల తిట్లు చదువుకోవచ్చు. మనిషి చచ్చిన ముచ్చట మాత్రం మొదటి బేరం అయ్యాకే. లోపలి నుంచి, "బోణీ అయిందా?" అని అరిచేవాడు. అవ్వలేదంటే ప్రపంచంలో అప్పటిదాకా ఎవరూ చచ్చిపోనట్టే. అందుకని నా స్నేహితులు రాగానే ముందు ఒక బీడీ కట్టో, అగ్గిపెట్టో కొనేవాళ్లు. రెడ్డెప్పకు అసలు బీడీ అలవాటే లేదు. అయినా ప్రమాదాలు, హత్యలు చదవకుండా ఉండలేక రోజూ అగ్గిపెట్టె కొని, కొని, వాళ్ల ఇంట్లో ఒక అటక నిండా అగ్గిపెట్టెలు పేర్చాడు. అటక కాదు, గూడు. కానీ నిండా.

రెడ్డెప్పది పుంగనూరుకు దగ్గరి పల్లె. ఆరుతడి పొలం, టమోటా తోట, పాత జీపు. రాజకీయం ఆయనకు అన్నం. ఆయన ఏ పార్టీ పక్కన నిలబడితే ఆ పార్టీ ఓడిపోయేది, అదొక వింత. నాగరాజప్ప పశువుల సంతలో దళారి. ఆవు పళ్లు చూసి వయసు, మనిషి నడక చూసి అవసరం చెప్పగలడు. ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. ఒకప్పుడు అది ఎర్రది. సంత దుమ్ము, ఎద్దుల చెమట, బీడీ పొగ కలిసిన ఒక వాసన దానిది. కొట్టు ముందుకు ఆయనకన్నా ముందు ఆ వాసనే వచ్చి కూర్చునేది. దళారులు బేరం ఎలా చేస్తారో మా వైపు వాళ్లకు తెలుసు. కొనేవాడూ అమ్మేవాడూ నోటితో ధర చెప్పరు. చేతుల మీద తువ్వాలు వేసి, దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, గుప్పెడు పడితే ఐదు. పైన నోరు ఎన్ని అబద్ధాలైనా ఆడవచ్చు. "నా బిడ్డ మాదిరి సాకిన ఎద్దప్పా" అని ఏడవవచ్చు. తువ్వాలు కింద వేళ్లు మాత్రం అబద్ధం ఆడకూడదు. ఆడినవాడి చెయ్యి మళ్లీ ఎవరూ పట్టుకోరు.

నా వార్తల మీద ఆ తువ్వాలు ఎప్పుడు పడిందో చెబుతాను. ఒకరోజు కలికిరి నుంచి ఎవరో ఫోన్ చేస్తూ దొంగతనం మాట అన్నారు. నేను అద్దాల గదిలోంచి బయటికి వచ్చేసరికే అది పెరిగి పెద్దదైంది.

"కలికిరి కాడ దోపిడీ అంటప్పా. ఇరవై మంది. కత్తులు, గొడ్డళ్లు. లారీ ఏసుకోని వచ్చినారంట" అన్నాను.

నాగరాజప్ప బీడీ ఆర్పి, భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద వేశాడు. "ఇట్లియ్యి చెయ్యి" అన్నాడు. తువ్వాలు కింద ఆయన చెయ్యి నా వేళ్ల కోసం వెతికింది. ఎందుకో తెలియదు, ఆ గుడ్డ కింద నాకు ఇరవై రాలేదు.

"ఇరవై అంటివే. ఈడ నాలుగే ఉండాయే."

"నాలుగైనా దొంగలే గదప్పా."

"సరిగ్గా సెప్పు."

ఇంకో వేలు ముడుచుకున్నాను. "ముగ్గురు" అన్నాడు నాగరాజప్ప రెడ్డెప్ప వైపు తిరిగి, ఎద్దు ధర తేలినట్టు.

"లారీ సంగతి అడుగు" అన్నాడు రెడ్డెప్ప.

"లారీ లేదులే. సైకిలు" అని నేనే ఒప్పుకున్నాను.

"ఎత్తకపోయింది ఏమి?"

"మేక."

ఆనాటి నుంచి అది మా ఆచారమైపోయింది. నేను ఫోను పెట్టేసి బయటికి రాగానే తువ్వాలు పడేది. హత్యలు, రైలు ప్రమాదాలు, ఎమ్మెల్యేల కొట్లాటలు, తుపానులు, అన్నీ ఆ తువ్వాలు కింద నుంచి పోవాల్సిందే. పేపరును కూడా వదిలేవాళ్లు కాదు. పేపర్లో ఉన్నదానికి నన్నెందుకు పిండుతారప్పా అంటే, "పేపరోడి చెయ్యి మాకు దొరకదు గదా, నీది దొరికింది" అనేవాడు నాగరాజప్ప. ఎన్నికలప్పుడు రెడ్డెప్ప తన చెయ్యి తనే తువ్వాలు కింద పెట్టి, తన పార్టీ ఓడిపోయిన ఓట్లు తగ్గించమని బేరమాడేవాడు. వేలల్లో ఓడిపోయిన మనిషిని వందల్లోకి దించి, కాస్త కుదుటపడి, కాఫీ తాగి ఇంటికి పోయేవాడు. చావుల్ని కూడా అట్లాగే తగ్గించేవాళ్లం. పైకి చూస్తే కఠినంగా అనిపిస్తుంది. కానీ నేను ఒక్కొక్క వేలు ముడుచుకునేటప్పుడు ముగ్గురికీ లోపల ఒక చిన్న ఊరట ఉండేది. అటువైపు ఎక్కడో ఒక మనిషి లేచి, బట్టలు దులుపుకుని, ఇంటికి పోయినట్టు ఉండేది. ఈ మాట మేము ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి తెలుస్తోంది.

పేపర్ల కట్ట తెచ్చే బస్సు మదనపల్లెలో బయలుదేరి, మా ఊరి మీదుగా పలమనేరు, బైరెడ్డిపల్లె దాటి కుప్పం పోయేది. దాని కండక్టరు గోవిందు. సన్నటి మనిషి, మెడ చుట్టూ రుమాలు. బస్సు ఆగకముందే కట్టను మా మెట్ల మీద పడేటట్టు విసిరేవాడు. గురి తప్పేది కాదు. విసురుతూనే, "ఈ పొద్దు దేశం మునిగింది శెట్టీ, సదువుకో" అనేవాడు. ప్రతి రోజూ అదే మాట. దేశం మునగని రోజు కూడా.

ఒకరోజు ఆ బస్సులో నాగరాజప్ప భార్య రత్నమ్మ కుప్పం పోతోంది. వాళ్ల చెల్లెలికి కాన్పు అయింది, చూసి రావాలి. చేతిలో వేరుశనగ ఉండల డబ్బా, మునగాకు సంచి. భర్తను కూడా రమ్మందట. సంతలేని రోజే, అయినా ఆయన రానన్నాడు. బస్సు ఎక్కేముందు నా కొట్టు దగ్గర ఆగి, "ఈ మనిషికి ఇంటికన్నా నీ కొట్టే ఎక్కువైపాయ శెట్టన్నా. ఈడనే ఒక మంచం ఏసి పండబెట్టుకో. కూడు కూడా నువ్వే పెట్టు" అంది. నాగరాజప్ప పేపరు పైకెత్తి ముఖం దాచుకున్నాడు. బస్సు నిండిపోయి ఉంది. గోవిందు ముందు తలుపు పక్కన తన సీటు చూపించి, "ఈడ కూసోక్కా. నాకు నిలబడేదే అలవాటు" అన్నాడు. రత్నమ్మ కూర్చుంది. గోవిందు బస్సు వాకిట్లో, మెట్టు మీద నిలబడి విజిల్ వేశాడు. బస్సు పోయింది.

రెడ్డెప్ప అగ్గిపెట్టె కొన్నాడు. లోపలి నుంచి మా నాన్న, "బోణీ అయిందా?" అంటే అయిందని చెప్పాం. ఢిల్లీలో ప్రభుత్వం ఉంటుందా పోతుందా అనేది ఆ రోజు ముచ్చట. ఎంతమంది ఎంపీలు అటు దూకుతారో తువ్వాలు కింద తేల్చుకుంటున్నాం. పొద్దు బాగా ఎక్కాక ఫోను మోగింది. కుప్పం నుంచి నా బావమరిది మునస్వామి. రైల్వే స్టేషను దగ్గర కూల్‌డ్రింకుల అంగడి వాడిది. వార్తలు పెంచడంలో నాకు గురువు. నేను సగం పెంచితే వాడు రెండింతలు పెంచుతాడు.

"బావా, మీ ఊరి మీద వచ్చే బస్సు పల్టీ కొట్టిందంట. బైరెడ్డిపల్లె దాటినాంక మలుపు కాడ. పాలవ్యాను డ్రైవరు ఇప్పుడే వచ్చి చెప్పినాడు. బస్సు నిండా జనం బావా. ఒగరు కూడా మిగల్లేదంట" అన్నాడు.

ఇదిగో, కోయవద్దని చెప్పిన చోటు ఇదే. ఇక్కడి నుంచి కొంత దూరం నేను ఏమీ పెంచలేదు.

నా చెయ్యి దానంతట అదే తువ్వాలు కోసం భుజం మీదికి పోయింది. నా భుజం మీద ఏముంది. జీవితంలో మొదటిసారి ఒక లెక్కను తగ్గించాలని నాకు అనిపించింది, తగ్గించడానికి అటువైపు మనిషి చెయ్యి లేదు. నల్లటి రిసీవరు ఉంది. "మునస్వామీ, నువ్వు సూసినావా?" అన్నాను. "సూల్లేదు బావా" అన్నాడు. "ఆ డ్రైవరు దిగి సూసినాడా?" అన్నాను. అది వాడికి తెలియదు. ఫోను పెట్టేశాను. అద్దంలోంచి బయట ఇద్దరూ కనబడుతున్నారు. నాగరాజప్ప నా కోసం అప్పుడే తువ్వాలు సర్ది పెట్టుకుని, నవ్వుతూ చూస్తున్నాడు, ఈసారి ఏం మోసుకొస్తాడో చూద్దామన్నట్టు.

బయటికి వచ్చి, "ఏం లేదప్పా. మన బస్సు బైరెడ్డిపల్లె కాడ కొంచెం పక్కకు ఒరిగిందంట. ఎవురికీ ఏమీ కాలేదంట" అన్నాను.

 రెడ్డెప్ప పేపరును నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నాగరాజప్ప ముఖంలో రంగు పోయింది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. నా నోట్లోంచి "కొంచెం" అనే మాట వాళ్లు ఎప్పుడూ వినలేదు. మేక దొంగతనాన్ని దోపిడీ చేసినవాణ్ని, చినుకును తుపాను చేసినవాణ్ని. నేనే కొంచెం అన్నానంటే అది ఎంత పెద్దదై ఉండాలి. నేను తగ్గించినకొద్దీ వాళ్ల కళ్లలో అది పెరుగుతోంది.

నాగరాజప్ప తువ్వాలు తీసి నా చేతి మీద వేశాడు.  "నోటితో వద్దు శెట్టీ. ఈడ సెప్పు" అన్నాడు.

ఆయన వేళ్లు నా వేళ్లను ఒక్కొక్కదాన్నీ తడిమి చూశాయి. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు. నాకు ఏ వేలు ఇవ్వాలో తెలియలేదు. దళారుల భాషలో ఒకటికి గుర్తు ఉంది, వెయ్యికి గుర్తు ఉంది, తెలియదు అనడానికి గుర్తు లేదు. సంతలో ధర తెలియకుండా ఎవడూ చెయ్యి ఇవ్వడు కదా. నేను తువ్వాలు కింద నుంచి చెయ్యి బయటికి తీసేశాను. బేరం మధ్యలో అట్లా తియ్యడం తప్పు. తీసి, "తెలీదు నాగరాజప్పా" అన్నాను. మునస్వామి చెప్పింది చెప్పినట్టు చెప్పాను. వాడు చూడలేదని చెప్పాను. డ్రైవరు చూశాడో లేదో తెలియదని చెప్పాను. ఆ బూత్ తెరిచాక "తెలీదు" అన్న మాట నేను అనడం అదే మొదటిసారి.

నాగరాజప్ప తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "తెలీదంటే ఇంకా ఏమీ కాలేదన్నట్టే గదా" అన్నాడు. తర్వాత లేచి, "అయితే పోదాం పా" అన్నాడు.

మాటలు వినపడి మా నాన్న లోపలి నుంచి వచ్చాడు. ఏమీ అడగలేదు. "మీరు పోండి. ఫోను నేను సూసుకుంటా" అన్నాడు. ఎన్నడూ ముట్టుకోని ఆ ఫోను పక్కన స్టూలు లాక్కుని, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

రెడ్డెప్ప జీపులోంచి టమోటా బుట్టలు రోడ్డు మీదికి తోసేశాం. ఆ దారి అంతా జీపు నేనే నడిపానని, ముందు పోయే లారీలన్నిటినీ దాటించానని చాలాకాలం చెప్పుకున్నాను. నడిపింది రెడ్డెప్ప. నేను వెనకాల, చితికిన టమోటాల మీద కూర్చున్నాను. నాగరాజప్ప ముందు సీట్లో తువ్వాలును పిడికిలికి చుట్టుకుని బిగించి పట్టుకున్నాడు. పలమనేరులో జీపు నెమ్మదిస్తే ఎవడో, "పది మంది పోయినారంటప్పా" అన్నాడు. ఇంకాస్త పోతే సైకిలు మీద ఎదురొచ్చిన మనిషి ముగ్గురన్నాడు. బైరెడ్డిపల్లెలో ఒకాయన బస్సు కాదు, లారీ అన్నాడు. దగ్గరికి పోయినకొద్దీ లెక్క మారుతూ వచ్చింది. రెడ్డెప్ప ఇంకొకర్ని అడగడానికి జీపు ఆపబోతే, "ఎవుర్నీ అడగద్దు రెడ్డెప్పా. పోతాండాం గదా" అన్నాడు నాగరాజప్ప.

బస్సు వేరుశనగ చేలో పక్కకు పడి ఉంది. చెప్పులు, సంచులు, అద్దం ముక్కలు. డీజిలు వాసన, తొక్కుడుపడిన పచ్చి వేరుశనగ ఆకు వాసన. చాలామంది లేచి కూర్చుని ఉన్నారు, కొందరు ఏడుస్తున్నారు, కొందరు సామాన్లు వెతుక్కుంటున్నారు. గట్టు మీద రత్నమ్మ. కుడి చేతిని కొంగుతో మెడకు కట్టుకుంది, నుదుటి మీద నెత్తురు. ఒళ్లో ఎవరిదో రెండేళ్ల బిడ్డ, దాని నోట్లో వేరుశనగ ఉండ. భర్తను చూసి, "వచ్చినావా. పేపరు సదివేది అయిపోయిందా?" అంది.

నాగరాజప్ప గట్టు ఎక్కాడు. పక్కన కూలబడి, తువ్వాలు కొసతో ఆమె నుదురు తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఆమె తుడవనిచ్చి, గడ్డం ఎత్తి రోడ్డు పక్కకు చూపించింది. "గోవిందు పోయినాడు" అంది. "నన్ను కూసోబెట్టి వాకిట్లో నిలబడినాడే."

ఇద్దరిని గడ్డి మీద పడుకోబెట్టి ఉంచారు. ఒకాయన ఎవరో మాకు తెలియని ముసలాయన, ఎవరో చీర కప్పారు. రెండోవాడు గోవిందు. మెడకు రుమాలు అట్లాగే ఉంది. ముఖం మీద ఎండ పడుతోంది. నాగరాజప్ప లేచి వెళ్లి, తువ్వాలు దులిపి, మడత విప్పి, ఆ ముఖం మీద కప్పాడు. సంతలో వేల పశువులు చేతులు మారిన తువ్వాలు అది. మళ్లీ తీసుకోలేదు.

మరుసటి రోజు పేపర్ల కట్టను వేరే కండక్టరు దిగి వచ్చి మెట్ల మీద పెట్టిపోయాడు. విసరలేదు. రెడ్డెప్ప జిల్లా పేజీ విప్పి, "ఇద్దరు" అని చదివాడు. నాగరాజప్ప భుజం మీద తువ్వాలు లేదు, ఎవరూ చెయ్యి చాపలేదు. ఆ రోజంతా బజారు జనం వచ్చి నన్ను అడిగారు. ఇద్దరు అని చెప్పాను. వాళ్లు ఎప్పటిలాగే నా మాటను సగానికి కోసుకుని, "ఒకడంట పాపం" అనుకుంటూ పోతున్నారు. మొదట ఇద్దరు ముగ్గుర్ని పోనిచ్చాను. తర్వాత మెట్లు దిగి పోయి ఒక మనిషి చొక్కా పట్టుకున్నాను. "తగ్గించద్దప్పా. ఇద్దరంటే ఇద్దరే. ఒగడు గోవిందు" అన్నాను. వాడు బెదిరిపోయి సరేనన్నాడు. నాగరాజప్ప తర్వాత కొత్త తువ్వాలు కొన్నాడు, బేరాలు మళ్లీ మొదలయ్యాయి. ఓట్లు, ఎంపీలు, టమోటా ధరలు, ఎమ్మెల్యేల ఆస్తులు అన్నీ తెగ్గోసేవాళ్లం. చావుల్ని మాత్రం ఎంత చెబితే అంత తీసుకున్నాం. నేను కూడా చావుల్ని పెంచడం మానేశాను. ఇది మాత్రం నిజం, మా నాన్న మీద ఒట్టు.

రెండు వేల సంవత్సరం దాటాక జేబుల్లోకి ఫోన్లు వచ్చాయి, నా అద్దాల గదిలో చింతపండు బుట్టలు పెట్టుకున్నాం. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఒక మునస్వామి ఉన్నాడు. తెల్లవారి లేస్తే ఎక్కడో కూలింది, ఎక్కడో కాలింది, వంద మంది, వెయ్యి మంది. నిజమూ ఉంటుంది, అబద్ధమూ ఉంటుంది, రెండూ ఒకే గొంతుతో అరుస్తాయి. చూసినవాడు ఒక బొమ్మ నొక్కి దండం పెట్టి, తర్వాతదానికి పోతాడు. మేము మంచివాళ్లమని, వీళ్లు కాదని అనను. మేమూ బీడీ కట్టతో చావుల్ని కొన్నవాళ్లమే. కానీ మాకు పట్టుకోవడానికి ఒక చెయ్యి ఎదురుగా ఉండేది. వార్త తెచ్చినవాడి వేళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో తెలిసేది.

మదనపల్లెలో నాగరాజప్ప కూతురి ఇల్లు మేడ మీద. నేను వెళ్లేసరికి ఆయన కుర్చీలో కూర్చుని టీవీ వింటున్నాడు. చూడడం లేదు, వింటున్నాడు. ఎక్కడో ఏదో ప్రమాదం, లెక్క నిమిషానికొకటి పెరుగుతోంది. రత్నమ్మ కాఫీ తెచ్చింది. ఆ కుడి చెయ్యి ఇప్పటికీ కొంచెం వంకరే, గ్లాసు ఎడమ చేత్తోనే ఇస్తుంది. "వచ్చినావా శెట్టన్నా. ఈయనకు మంచం ఏసేది మర్చిపోతివే, నేనే మోస్తాండా" అంది. టీవీ ఆర్పేసింది.

కూతురు గుమ్మంలో నిలబడి నాకు కళ్లతో సైగ చేస్తోంది, చెప్పమని. నేను బస్సు దిగి నడుస్తూ తయారు చేసుకున్న ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది. ఫలానా ఊళ్లో ఫలానా ముసలాయన ఆపరేషన్ చేయించుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, అట్లాంటిది. నాగరాజప్ప నన్ను మొదలు పెట్టనివ్వలేదు. కుర్చీ చేతి మీద ఉన్న తువ్వాలును తడుముకుని తీసి, నా చెయ్యి ఎక్కడుందో వెతికి, దాని మీద వేశాడు.

"అందరూ నూటికి నూరు అంటాండారు శెట్టీ. ఈ ఇంట్లో ఒగరికీ బేరం రాదు" అన్నాడు. "డాక్టరు నా బిడ్డకు ఏమో సెప్పినాడు. అది నీకు సెప్పింటాది. వస్తాదా, రాదా?"

ఆయన వేళ్లు ముదిరి గట్టిపడ్డాయి. అయినా వెతికే తీరు అదే. ఒక్కొక్క వేలినీ తడిమి, ఆగి, ఎదురు చూశాడు. గుమ్మంలో కూతురు తల అడ్డంగా ఊపుతోంది. నేను తువ్వాలు కింద నుంచి చెయ్యి బయటికి తీసి, ఆయన భుజం మీద వేశాను.

"తెలీదు నాగరాజప్పా. డాక్టరుకూ తెలీదంట" అన్నాను.

కూతురు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాగరాజప్ప మసక కంటితో నా వైపు, నాకు కొంచెం పక్కగా, చూశాడు. ఆ తర్వాత ముఖం విచ్చుకుంది.

"అయితే పోదాం పా" అన్నాడు.

"ఆస్పత్రికా, ఇప్పుడే? కాఫీ తాగినాంక పోదువులే" అంది రత్నమ్మ. ఆయన అప్పటికే లేచి నిలబడి, చెప్పుల కోసం కాలితో నేల మీద తడుముతున్నాడు. ఆమె తన కాలితో వాటిని ఆయన కాళ్ల దగ్గరికి తోసింది.